విదేశీ ఉద్యోగానికి వర్క్ పర్మిట్: ఆఫర్ లెటర్ నుంచి నివాస కార్డు వరకు

మరో దేశంలో ఉద్యోగం చేయడానికి మూడు వేర్వేరు అనుమతులు కావాలి: ఆ దేశంలోకి ప్రవేశించడానికి ఒకటి, అక్కడ నివసించడానికి ఒకటి, అక్కడ పని చేయడానికి ఒకటి. కొన్ని దేశాలు ఈ మూడింటినీ ఒకే కార్డులో ఇమిడ్చి ఇస్తాయి. మరికొన్ని దేశాల్లో ఒక్కో అనుమతిని ఒక్కో శాఖ ఇస్తుంది. ఐరోపా సమాఖ్య 2011లో తెచ్చిన సింగిల్ పర్మిట్ ఆదేశం ప్రకారం నివాసానికీ పనికీ కలిపి ఒకే దరఖాస్తు సరిపోతుంది. యునైటెడ్ అరబ్ ఎమిరేట్స్‌లో మాత్రం ప్రవేశ అనుమతి మీద దిగి, ఆ తర్వాత వైద్య పరీక్ష, గుర్తింపు కార్డు, నివాస అనుమతి వరుసగా పూర్తి చేసుకోవాలి. విదేశీ ఉద్యోగాల విషయంలో జరిగే నష్టాల్లో చాలావరకు ఈ మూడింటిని ఒకటిగా పొరబడడం వల్లే జరుగుతాయి. పాస్‌పోర్టులో వీసా ముద్ర పడినంత మాత్రాన పని చేసే హక్కు వచ్చినట్టు కాదు.

అందుకే, ‘ముందు విజిట్ వీసా మీద వచ్చేయండి, వచ్చాక మార్పిస్తాం’ అనే మాటను అన్నిటికంటే ముందు పక్కన పెట్టాలి. దేశం లోపలి నుంచే వీసా రకాన్ని మార్చుకోనిచ్చే చోట్లు లేకపోలేదు. కానీ మార్పు పూర్తయ్యేలోపు చేసిన ప్రతి పనిదినమూ అక్రమమే అవుతుంది. పట్టుబడితే దేశం నుంచి పంపివేయడం, కొన్నేళ్లపాటు తిరిగి రానివ్వకపోవడం పని చేసినవారి మీదకే వస్తాయి. జీతం ఇవ్వకపోయినా గట్టిగా అడగలేని స్థితి కూడా వారిదే.

ఇంకో విషయం మొదటే స్పష్టంగా తెలియాలి. చాలా దేశాల్లో ఈ ప్రక్రియకు రెండు భాగాలుంటాయి. మొదటి భాగం యజమానిది: విదేశీయుణ్ణి పెట్టుకోవడానికి ప్రభుత్వం నుంచి ఆయన తెచ్చుకోవాల్సిన అనుమతి. రెండవది ఉద్యోగిది: ఆ అనుమతిని చూపించి తన పేరిట వీసా, పర్మిట్ పొందడం. మొదటి భాగం తేలనిదే రెండవ భాగం మొదలు కాదు. కాబట్టి యజమాని తన భాగాన్ని నిజంగా పూర్తి చేశాడని ఉద్యోగి స్వయంగా సరిచూసుకున్న తర్వాతే డబ్బు కట్టడం గురించి గాని, ఉన్న ఉద్యోగానికి రాజీనామా గురించి గాని ఆలోచించాలి. ఇకపై చెప్పబోయే ప్రతి అడుగూ ఈ నియమం మీదే ఆధారపడి ఉంటుంది.

మొదటి అడుగు: మీరు ఏ కోవలోకి వస్తారో తేల్చుకోవడం

వర్క్ పర్మిట్లు ప్రధానంగా రెండు రకాలు. ఒకే యజమానికి, ఒకే ఉద్యోగానికి, కొన్నిసార్లు ఒకే ప్రాంతానికి కట్టుబడినది మొదటిది. ఏ యజమాని దగ్గరైనా పని చేసుకోనిచ్చే ఓపెన్ పర్మిట్ రెండవది. కొత్తగా వెళ్లేవారిలో అత్యధికులకు దొరికేది మొదటి రకమే. ఓపెన్ పర్మిట్ సాధారణంగా అక్కడే చదువు ముగించినవారికీ, అర్హత గల ఉద్యోగుల జీవిత భాగస్వాములకూ, ప్రత్యేక ఒప్పందాల కింద వెళ్లే యువతకూ లభిస్తుంది. ఇవి కాక ఉద్యోగం వెతుక్కోవడానికే రానిచ్చే అనుమతులు కూడా ఉన్నాయి. జర్మనీ 2024 జూన్‌లో ప్రారంభించిన ఆపర్చునిటీ కార్డు అలాంటిది. గరిష్ఠంగా ఏడాది పాటు అక్కడే ఉండి ఉద్యోగం వెతుక్కోవచ్చు, ఆ కాలంలో వారానికి 20 గంటల వరకు పని చేయవచ్చు. కాని అది ఉద్యోగం దొరుకుతుందన్న హామీ కాదు. ఆ ఏడాది ఖర్చులకు తగిన డబ్బు తమ దగ్గర ఉందని ముందుగానే చూపించాలి.

ఏ కోవలోకి వస్తారన్నది ప్రధానంగా మీ వృత్తి సంకేత సంఖ్య, మీకిచ్చే జీతం, మీ చదువు నిర్ణయిస్తాయి. ప్రతి దేశమూ వృత్తులన్నిటికీ సంకేతాలిచ్చి ఒక పట్టిక నిర్వహిస్తుంది. ఇక్కడ జాగ్రత్తగా గమనించవలసిందేమిటంటే, అధికారులు చూసేది హోదా పేరును కాదు, రోజూ చేసే పనిని. ‘మేనేజర్’ అని ఆఫర్ లెటర్‌లో రాసి, విధుల జాబితాలో సరుకు సర్దడం, బిల్లులు వేయడం ఉంటే ఆ దరఖాస్తు నిలవదు. పట్టికలో మీ సంకేతం కింద ఉన్న విధుల వివరణను ఆఫర్ లెటర్ పక్కన పెట్టుకొని వాక్యం వెంట వాక్యం పోల్చి చూడండి. తేడా ఉంటే దరఖాస్తుకు ముందే యజమానితో మాట్లాడండి.

కనీస జీతం పరిమితి దాదాపు ప్రతి ఏటా మారుతుంది. అధిక నైపుణ్యం గల ఉద్యోగులకిచ్చే ఐరోపా సమాఖ్య బ్లూ కార్డుకు 2021 నాటి ఆదేశం ప్రకారం ఆ దేశపు సగటు వార్షిక వేతనానికి తగ్గకుండా, దానికి 1.6 రెట్లు మించకుండా ఆ దేశం ఒక పరిమితి పెట్టుకోవాలి. ఉద్యోగ ఒప్పందం కనీసం 6 నెలలకు ఉండాలి. విదేశీ నిపుణులకు సింగపూర్ ఇచ్చే వర్క్ పర్మిట్ అయిన ఎంప్లాయ్‌మెంట్ పాస్‌కు 2025 జనవరి నుంచి కనీస నెల జీతం 5,600 సింగపూర్ డాలర్లు, ఆర్థిక సేవల రంగంలో 6,200. వయసు పెరిగేకొద్దీ ఈ మొత్తం కూడా పెరుగుతుంది. కాబట్టి ఆఫర్ అందిన రోజున ఉన్న అంకెను కాక, దరఖాస్తు చేసే రోజున అమలులో ఉండబోయే అంకెను ఆ దేశ ప్రభుత్వ వెబ్‌సైట్‌లో చూడాలి.

రెండవ అడుగు: యజమానిని, ఆఫర్‌ను సరిచూడడం

ఈ అడుగు దగ్గర ఎంత సమయం పెట్టినా తక్కువే. విదేశీయులను నియమించుకొనే అర్హత ఉన్న సంస్థల జాబితాను చాలా ప్రభుత్వాలు బహిరంగంగా ఉంచుతాయి. బ్రిటన్ హోం శాఖ లైసెన్సు పొందిన స్పాన్సర్ల (విదేశీ ఉద్యోగిని తమ పూచీపై రప్పించే సంస్థల) రిజిస్టరును ఎవరైనా చూసుకొనేలా ప్రచురిస్తుంది. న్యూజీలాండ్‌లో 2022 జూలైలో మొదలైన అక్రెడిటెడ్ ఎంప్లాయర్ వర్క్ వీసా పద్ధతిలో ముందు యజమానికి గుర్తింపు, తర్వాత ఆ ఉద్యోగానికి తనిఖీ, చివరగా ఉద్యోగి వీసా అనే మూడు దశలున్నాయి. సంస్థకు గుర్తింపు ఉందో లేదో ఆన్‌లైన్‌లో తెలుసుకోవచ్చు. కెనడా మరో అడుగు ముందుకు వేసి, నిబంధనలు ఉల్లంఘించిన యజమానుల పేర్లను కూడా ప్రకటిస్తుంది. ఆఫర్ ఇచ్చిన సంస్థ పేరు, చిరునామా, ఇమెయిల్ డొమైన్ ఈ జాబితాలతోనూ, ఆ దేశ కంపెనీల రిజిస్టరుతోనూ అక్షరం తేడా లేకుండా సరిపోవాలి.

యజమాని భాగం పూర్తయిందనడానికి ప్రతి దేశంలోనూ ఒక నిర్దిష్టమైన ఆధారం ఉంటుంది. కెనడాలో అది లేబర్ మార్కెట్ ఇంపాక్ట్ అసెస్‌మెంట్ (విదేశీయుణ్ణి పెట్టుకుంటే స్థానిక ఉద్యోగాలపై పడే ప్రభావం అంచనా) మీద వచ్చిన నిర్ణయ పత్రం. ఆ అసెస్‌మెంట్ అవసరం లేని ఉద్యోగాలకు యజమాని సమర్పించిన ఆఫర్ సంఖ్య. జపాన్‌లో ఇమిగ్రేషన్ సర్వీసెస్ ఏజెన్సీ జారీ చేసే సర్టిఫికెట్ ఆఫ్ ఎలిజిబిలిటీ. సింగపూర్‌లో ఇన్-ప్రిన్సిపల్ అప్రూవల్ (సూత్రప్రాయ ఆమోదం) లేఖ. బ్రిటన్‌లో సర్టిఫికెట్ ఆఫ్ స్పాన్సర్‌షిప్. ఈ చివరిదాని గురించి ఒక మాట విడిగా చెప్పాలి: పేరులో సర్టిఫికెట్ అని ఉన్నా అది కాగితం కాదు, హోం శాఖ వ్యవస్థలో నమోదయ్యే ఒక ఎలక్ట్రానిక్ రికార్డు, దానికి ఒక రిఫరెన్స్ సంఖ్య ఉంటుంది. అందంగా ముద్రించి, సీలు వేసి, ఇదే మీ సర్టిఫికెట్ అని ఎవరైనా చేతిలో పెడితే అక్కడే ఆగిపోవాలి.

ఇక డబ్బు. అంతర్జాతీయ కార్మిక సంస్థ 1997లో ఆమోదించిన 181వ ఒప్పందం, ప్రైవేటు నియామక ఏజెన్సీలు కార్మికుల దగ్గర నేరుగా గాని, పరోక్షంగా గాని రుసుము తీసుకోరాదని సాధారణ నియమంగా నిర్దేశించింది. దాన్ని అన్ని దేశాలూ ఆమోదించలేదు, ఆమోదించిన దేశాల్లోనూ మినహాయింపులు ఉండవచ్చు. అయినా న్యాయమైన పద్ధతి ఏదో నిర్ణయించుకోవడానికి ఇదే సరైన కొలమానం. కెనడాలో అసెస్‌మెంట్ కోసం యజమాని కట్టే 1,000 కెనడా డాలర్లను ఉద్యోగి నుంచి రాబట్టుకోవడం నిషిద్ధం. బ్రిటన్‌లో ఇమిగ్రేషన్ స్కిల్స్ చార్జి కూడా అంతే, దాన్ని యజమానే భరించాలి. ఆస్ట్రేలియాలో స్పాన్సర్‌షిప్‌కు బదులుగా డబ్బు ఇవ్వడమూ పుచ్చుకోవడమూ రెండూ చట్టవిరుద్ధమే. అంటే అక్కడ డబ్బిచ్చిన ఉద్యోగి కూడా చిక్కుల్లో పడతాడు, అతని వీసా రద్దు కావచ్చు.

ఉద్యోగి సాధారణంగా కట్టేవి తన పేరిట ప్రభుత్వం వసూలు చేసే వీసా రుసుము, బయోమెట్రిక్ రుసుము, వైద్య పరీక్ష, పోలీసు ధ్రువపత్రం, పత్రాల అనువాదం ఖర్చులు. బ్రిటన్‌లో వీటికి తోడు ఆరోగ్య సర్‌చార్జి ఉంది. 2024 ఫిబ్రవరి నుంచి పెద్దవారికి అది ఏడాదికి 1,035 పౌండ్లు, వీసా కాలమంతటికీ ఒకేసారి ముందే కట్టాలి. ఇది తెలియక చివరి నిమిషంలో అప్పు కోసం వెతుక్కునేవారు చాలామంది ఉంటారు. ప్రభుత్వ ఖాతాకు వెళ్లే ప్రతి రుసుముకూ రసీదు వస్తుంది. రసీదు రాని ఏ ఖర్చుకైనా, అది ఎవరికి, ఎందుకు అని రాతపూర్వకంగా అడగడంలో మొహమాటపడకండి.

ఒప్పందం పత్రం మీకు అర్థమయ్యే భాషలో ఉండాలి. స్థూల జీతం, కోతలు పోను చేతికొచ్చేది, పని గంటలు, అదనపు గంటల వేతనం, వసతి ఎవరిది, తిరుగు ప్రయాణం ఎవరిది, ఎంత ముందుగా నోటీసు ఇవ్వాలి, మధ్యలో మానేస్తే డబ్బు తిరిగి కట్టాలన్న షరతు ఉందా అన్నవి అందులో వెతకండి. సంతకం చేసిన ప్రతి మీ దగ్గర ఉంచుకోండి. దేశంలో దిగాక మరో ఒప్పందం ముందు పెట్టి, తక్కువ జీతానికి సంతకం చేయమంటే, మొదటి ప్రతి ఒక్కటే మీ పక్షాన ఉండే ఆధారం.

మూడవ అడుగు: పత్రాలు

ముందుగా పేరు. పాస్‌పోర్టులో ఇంటిపేరు పూర్తిగా ఉండి, డిగ్రీ పట్టాలో పొడి అక్షరం మాత్రమే ఉండడం, అనుభవ పత్రంలో పేరు తిరగబడి ఉండడం, పెళ్లి తర్వాత ఒక పత్రంలో పేరు మారి మరో పత్రంలో మారకపోవడం సర్వసాధారణం. దరఖాస్తును పరిశీలించే అధికారికి ఈ మూడు పేర్లూ ముగ్గురు మనుషులవిగా కనిపించవచ్చు. పాస్‌పోర్టులోని పేరునే ప్రమాణంగా పెట్టుకొని, మిగతా పత్రాల్లో దిద్దించుకోగలిగినవి దిద్దించుకోవాలి, కుదరనివాటికి ఈ పేర్లన్నీ ఒకే వ్యక్తివని తెలిపే అఫిడవిట్ సిద్ధం చేసుకోవాలి. పాస్‌పోర్టు గడువు కూడా చూసుకోండి: పర్మిట్‌ను పాస్‌పోర్టు గడువు దాటి ఇవ్వని దేశాలు ఉన్నాయి కాబట్టి, గడువు దగ్గర పడితే ముందే కొత్తది తీసుకోవడం మంచిది.

అనుభవ పత్రం విషయంలో సంస్థలు ఇచ్చే రెండు వాక్యాల లేఖ చాలదు. చేరిన తేదీ, మానిన తేదీ, హోదా, వారానికి పని గంటలు, జీతం, ముఖ్య విధులు, సంతకం చేసినవారి పేరు, హోదా, సంప్రదించగలిగే వివరాలు సంస్థ లెటర్‌హెడ్‌పై ఉండాలి. విధుల్ని వృత్తి పట్టికలోని మాటలతో అక్షరాలా నింపేస్తే అనుమానం కలుగుతుంది. నిజంగా చేసిన పనిని మీ సంస్థలో వాడే మాటల్లోనే రాయించుకోవడం మేలు. మూతబడిన సంస్థలో పని చేసి ఉంటే, నియామక పత్రం, జీతం స్లిప్పులు, పన్ను పత్రాలు, బ్యాంకు స్టేట్‌మెంట్లు కలిపి చూపించవచ్చు.

పత్రాల అధికారిక ధ్రువీకరణకు రెండు దారులున్నాయి. రెండు దేశాలూ 1961 అక్టోబర్ 5 నాటి హేగ్ ఒప్పందంలో సభ్యులై, ఒకరి చేరికపై మరొకరికి అభ్యంతరం లేకపోతే, అపొస్టిల్ అనే ధ్రువీకరణ పత్రం ఒక్కటే చాలు. పత్రం పుట్టిన దేశంలోని నిర్దేశిత శాఖ దాన్ని జారీ చేస్తుంది. అలా కాకపోతే సొంత దేశ విదేశాంగ శాఖ, ఆపైన వెళ్లే దేశపు దౌత్య కార్యాలయం వరుసగా ముద్ర వేయాలి. ఈ జాబితా మారుతూ ఉంటుంది: చైనాకు ఈ ఒప్పందం 2023 నవంబరులో, కెనడాకు 2024 జనవరిలో అమలులోకి వచ్చింది. పాత సలహాలను నమ్మి అనవసరంగా దౌత్య కార్యాలయాల చుట్టూ తిరగకుండా ప్రస్తుత సభ్యుల పట్టిక చూడండి. అపొస్టిల్ ఆ సంతకమూ ముద్రా అసలైనవని మాత్రమే చెబుతుంది. మీ డిగ్రీ అక్కడి డిగ్రీకి సమానమని చెప్పదు.

సమానత్వ గుర్తింపు పూర్తిగా వేరే పని. జర్మనీలో విశ్వవిద్యాలయాన్నీ డిగ్రీనీ అనాబిన్ అనే డేటాబేస్‌లో వెతకవచ్చు. అందులో స్పష్టత లేకపోతే అక్కడి విదేశీ విద్యా కేంద్ర కార్యాలయం నుంచి పోలిక పత్రం తెచ్చుకోవాలి. వైద్యులు, నర్సులు వంటి నియంత్రిత వృత్తులవారు ఇంకా ముందు నుంచి మొదలుపెట్టాలి, ఎందుకంటే వృత్తి మండలి లైసెన్సు గాని, కనీసం లైసెన్సు వస్తుందన్న హామీ పత్రం గాని లేకుండా వారి వర్క్ పర్మిట్ కదలదు. దానికి భాషా పరీక్ష, కొన్నిసార్లు అదనపు శిక్షణ కూడా అవసరం అవుతాయి. నా దృష్టిలో ఈ వృత్తులవారు ఆఫర్ కోసం ఎదురుచూడకుండా గుర్తింపు ప్రక్రియను ముందే మొదలుపెట్టాలి.

నాలుగవ అడుగు: యజమాని దరఖాస్తు

ఈ దశలో మీరు చేయగలిగింది తక్కువ, తెలుసుకోవలసింది ఎక్కువ. చాలా దేశాలు ఆ ఉద్యోగానికి స్థానికులు దొరకలేదని యజమాని చూపించాలంటాయి. సింగపూర్‌లో సాధారణంగా ప్రభుత్వ ఉద్యోగాల పోర్టల్‌లో కనీసం 14 రోజులు ప్రకటన ఉంచాకే దరఖాస్తు చేయాలి. 2023 సెప్టెంబరు నుంచి కంపాస్ అనే పాయింట్ల పద్ధతిలో 40 పాయింట్లు కూడా రావాలి. అమెరికాలో ప్రత్యేక నైపుణ్య ఉద్యోగాలకిచ్చే హెచ్-1బి వీసాలకు ఏటా 65,000, అక్కడి విశ్వవిద్యాలయాల్లో మాస్టర్స్ లేదా అంతకు మించి చదివినవారికి మరో 20,000 పరిమితి ఉంది. నమోదులు పరిమితిని మించితే ఎంపికలో నెగ్గినవారి తరఫున మాత్రమే యజమాని పిటిషన్ వేయగలడు. యజమాని ఎంత నిజాయితీపరుడైనా అక్కడ ఫలితం ఆయన చేతిలో లేదు.

ఈ నిరీక్షణలో రాజీనామా చేయకండి, ఇల్లు ఖాళీ చేయకండి, రద్దు చేస్తే డబ్బు వెనక్కి రాని టిక్కెట్టు కొనకండి. దరఖాస్తు సంఖ్య, దాఖలు చేసిన తేదీ, ఏ కోవలో వేశారన్నది యజమానిని అడిగి రాసి పెట్టుకోండి. నిజంగా దాఖలు చేసిన సంస్థకు ఈ మూడూ చెప్పడం పెద్ద పని కాదు.

అయిదవ అడుగు: మీ దరఖాస్తు

యజమాని అనుమతికి గడువు ఉంటుందని మరిచిపోవద్దు. బ్రిటన్ స్పాన్సర్‌షిప్ సర్టిఫికెట్ కేటాయించిన 3 నెలల్లోపు వీసాకు దరఖాస్తు చేయాలి. జపాన్ ఎలిజిబిలిటీ సర్టిఫికెట్ సాధారణంగా 3 నెలలే చెల్లుతుంది. ఆలోపు వీసా తీసుకొని దేశంలో అడుగుపెట్టాలి. వైద్య పరీక్షకూ, పోలీసు ధ్రువపత్రానికీ కూడా చెల్లుబాటు కాలం ఉంటుంది. అందువల్ల వాటిని మరీ ముందుగా తీసుకుంటే మళ్లీ తీసుకోవాల్సి వస్తుంది, మరీ ఆలస్యం చేస్తే యజమాని అనుమతి గడువు దాటిపోతుంది. ఇంతకుముందు వేరే దేశంలో కొన్నాళ్లు నివసించి ఉంటే అక్కడి పోలీసు ధ్రువపత్రం కూడా అడగవచ్చు. దానికి పట్టే సమయాన్ని ముందే లెక్కలో వేసుకోండి.

ఫారంలో రాసిన ప్రతి తేదీ ఆఫర్ లెటర్‌తో, అనుభవ పత్రాలతో, పాత వీసా దరఖాస్తులతో సరిపోవాలి. ఉద్యోగం లేని నెలలుంటే దాచకుండా కారణం రాయండి. గతంలో ఏ దేశమైనా వీసా తిరస్కరించి ఉంటే ఆ ప్రశ్నకు నిజమే చెప్పండి. ఆ తిరస్కరణ ఒక్కటే చాలా సందర్భాల్లో కొంప ముంచదు, దాన్ని దాచడం ముంచుతుంది: తప్పుడు సమాచారం ఇచ్చారని తేలితే కెనడాలో 5 ఏళ్లు, మోసానికి పాల్పడ్డారని తేలితే బ్రిటన్‌లో 10 ఏళ్ల వరకు ప్రవేశం నిరాకరిస్తారు. ఏజెంటు ఫారం నింపినా బాధ్యత మీదే. ఖాళీ ఫారంపై సంతకం చేయకూడదు. సమర్పించిన ఫారం పూర్తి ప్రతిని, అప్‌లోడ్ చేసిన పత్రాలతో సహా, అడిగి తీసుకోవాలి.

తిరస్కరణ వస్తే కారణాల లేఖను తాపీగా చదవండి. పత్రం చాలక తిరస్కరించారా, యజమాని అర్హత లేకనా, ఆఫర్‌పై నమ్మకం కుదరకనా అన్నదాన్ని బట్టి మార్గం మారుతుంది. లోటు పత్రం తెచ్చి కొత్తగా దరఖాస్తు చేయడం చాలాసార్లు అప్పీలు కంటే త్వరగా తేలుతుంది. అధికారి నియమాన్నే తప్పుగా అన్వయించారనిపిస్తే మాత్రం పునఃపరిశీలన కోరాలి, దాని గడువు రోజుల్లోనే ఉంటుంది.

ఆరవ అడుగు: అనుమతి వచ్చాక, బయలుదేరే ముందు

పర్మిట్ లేదా వీసా చేతికి రాగానే దాని మీద ఉన్న ప్రతి అక్షరమూ చదవండి: పేరు, పుట్టిన తేదీ, పాస్‌పోర్టు సంఖ్య, యజమాని పేరు, వృత్తి, పని స్థలం, మొదలయ్యే తేదీ, ముగిసే తేదీ, షరతులు. బ్రిటన్ వంటి దేశాలు కార్డుకు బదులు ఈవీసా ఇస్తున్నాయి కాబట్టి ఆన్‌లైన్ ఖాతా తెరిచి ఈ వివరాలన్నీ అక్కడ సరిచూడాలి. తప్పు కనిపిస్తే ప్రయాణానికి ముందే దిద్దించుకోవాలి. దిగాక ఆ తప్పు బ్యాంకు ఖాతాకూ, జీతానికీ అడ్డుపడుతుంది.

సొంత దేశం నుంచి బయటికి వెళ్లడానికి కూడా అనుమతి కావాల్సి రావచ్చు. ఫిలిప్పీన్స్ పౌరులకు ఓవర్సీస్ ఎంప్లాయ్‌మెంట్ సర్టిఫికెట్ కావాలి. భారతదేశంలో ఈసీఆర్ (ఎమిగ్రేషన్ తనిఖీ అవసరమైన) రకం పాస్‌పోర్టు ఉన్నవారు నిర్దేశిత దేశాలకు ఉద్యోగం కోసం వెళ్లాలంటే ఎమిగ్రేషన్ క్లియరెన్సు పొందాలి. ఇది లేకపోతే వీసా ఉన్నా విమానాశ్రయంలోనే వెనక్కి పంపిస్తారు.

ఏడవ అడుగు: దిగిన తర్వాత

చాలా దేశాల్లో పర్మిట్ ప్రక్రియ విమానాశ్రయం దాటాక కూడా కొనసాగుతుంది. జపాన్‌లో ప్రధాన విమానాశ్రయాల్లో నివాస కార్డు అక్కడికక్కడే ఇస్తారు. ఇల్లు కుదిరిన 14 రోజుల్లోపు స్థానిక కార్యాలయంలో చిరునామా నమోదు చేయించాలి. జర్మనీలో కూడా ఇంట్లో చేరిన రెండు వారాల్లో చిరునామా నమోదు చేసుకొని, వీసా గడువులోపు విదేశీయుల కార్యాలయం నుంచి నివాస అనుమతి తీసుకోవాలి. ఈ గడువులు యజమాని గుర్తు చేస్తాడని కూర్చోకండి.

పాస్‌పోర్టు మీ దగ్గరే ఉండాలి. నమోదు కోసం ఒకటి రెండు రోజులు ఇవ్వడం వేరు, ‘భద్రంగా ఉంచుతాం’ అని సంస్థ తన బీరువాలో పెట్టుకోవడం వేరు. గుర్తింపు పత్రాలను లాక్కొని ఉంచుకోవడాన్ని అంతర్జాతీయ కార్మిక సంస్థ నిర్బంధ శ్రమ సూచికల్లో ఒకటిగా పేర్కొంది. పాస్‌పోర్టు, పర్మిట్, ఒప్పందం స్కాన్ ప్రతులను ఇమెయిల్‌లోనూ, నమ్మకమైన కుటుంబ సభ్యుల దగ్గరా ఉంచండి. జీతం బ్యాంకు ద్వారానే తీసుకోండి, ఎందుకంటే పర్మిట్‌లో చూపిన జీతం నిజంగా అందిందనడానికి రేపు పొడిగింపు సమయంలో ఆ ఖాతా వివరాలే సాక్ష్యం.

పొడిగింపు దరఖాస్తు గడువు ముగియకముందే అందాలి. కెనడాలో అలా ముందే దరఖాస్తు చేసి అక్కడే ఉన్నవారు, నిర్ణయం వచ్చేదాకా పాత షరతులతోనే పని కొనసాగించవచ్చు; ఒక్కరోజు ఆలస్యమైనా ఆ హక్కు పోతుంది. ఉద్యోగం పోతే దేశాన్ని బట్టి దొరికే వ్యవధి చాలా వేరుగా ఉంటుంది: అమెరికాలో హెచ్-1బి వారికి గరిష్ఠంగా 60 రోజులు, బ్రిటన్‌లో సాధారణంగా హోం శాఖ వీసాను కుదించి ఇచ్చే 60 రోజులు, ఆస్ట్రేలియాలో స్పాన్సర్ వీసాల మీద ఉన్నవారికి 2024 జూలై నుంచి ఒక విడతకు 180 రోజులు, వీసా కాలం మొత్తంలో 365 రోజులు. ఈ అంకెను వెళ్లకముందే తెలుసుకొని, కనీసం అన్ని రోజుల ఖర్చుకు సరిపడా డబ్బు విడిగా పెట్టుకోవడం అత్యవసరం.

యజమానిని మార్చదలిస్తే చాలాచోట్ల కొత్త యజమాని కూడా మొదటి భాగం మొదటి నుంచీ పూర్తి చేయాలి. అమెరికాలో హెచ్-1బి మీద ఉన్నవారు కొత్త యజమాని పిటిషన్ దాఖలైన వెంటనే అక్కడ చేరవచ్చు. జర్మనీలో బ్లూ కార్డు ఉన్నవారు మొదటి 12 నెలల్లో మారితే విదేశీయుల కార్యాలయానికి తెలియజేయాలి. బ్రిటన్‌లో మాత్రం కొత్త స్పాన్సర్‌షిప్‌తో వేసిన దరఖాస్తుకు అనుమతి వచ్చాకే కొత్త చోట చేరాలి. కాబట్టి మీ పర్మిట్ షరతుల్లో ఈ మూడు పద్ధతుల్లో ఏది వర్తిస్తుందో చూసుకొని, అది కోరే పత్రం చేతికందిన తర్వాతే పాత సంస్థకు రాజీనామా ఇవ్వండి.